సూర్యుడి చుట్టూ ఉంగరం

బృహస్పతి గ్రహాన్ని పూర్తిగా పిండి చేసి, ఆ సరుకంతటితో సూర్యుడి చుట్టూ ఒక పట్టీ కట్టారనుకోండి. పట్టీ వ్యాసార్ధం దాదాపు భూకక్ష్య అంత, అంటే 15 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు. వెడల్పు 16 లక్షల కిలోమీటర్లు. భూగోళాలను పక్కపక్కనే పేర్చుకుంటూ పోతే ఆ వెడల్పులో 125 పడతాయి. సూర్యుడికి ఎదురుగా ఉన్న లోపలి వైపు మట్టి, నదులు, సముద్రాలు, అడవులు, మేఘాలు. రెండు అంచుల వెంబడీ గాలి జారిపోకుండా 1,600 కిలోమీటర్ల ఎత్తు గోడలు. అక్కడి మొత్తం వైశాల్యం మన భూమి ఉపరితలానికి 30 లక్షల రెట్లు.

అమెరికన్ రచయిత లారీ నివెన్ 1970లో రాసిన ‘రింగ్‌వరల్డ్’ నవల జరిగే చోటు ఇదే. ఆ సంవత్సరపు నెబ్యులా పురస్కారం, ఆ మరుసటి ఏడు హ్యూగో, లోకస్ పురస్కారాలు దీనికే వచ్చాయి. సైన్స్ ఫిక్షన్‌లో ఇంతకన్నా పెద్ద గౌరవాలు లేవు. అయితే ఈ పుస్తకానికి ఒక అధ్యాయం కేటాయించడానికి కారణం ఆ పురస్కారాలు కావు. ఇందులోని లెక్కలు చాలావరకు నిలబడ్డాయి, ఒకటి మాత్రం పునాదితో సహా కూలిపోయింది. కూల్చింది పాఠకులే. రచయిత ఆ దెబ్బను కాదనకుండా, దాన్నే మరో నవలకు కథగా మార్చుకున్నాడు. ఒక ఊహను అందరి ముందు పెట్టడం, పదిమంది దాన్ని పరీక్షించడం, తేలిన లోపం నుంచి కొత్త ప్రశ్న పుట్టడం... సైన్సు నడిచే తీరు ఇదే కదా. ఆ తీరు ఇంత స్పష్టంగా కనిపించే నవల నాకు మరొకటి తెలియదు.

‘రింగ్‌వరల్డ్’ ఒంటరి నవల కాదు. ‘నోన్ స్పేస్’ అనే పెద్ద వరుసలో ఒక మెట్టు. రాబోయే కొన్ని వందల ఏళ్ళ మానవ చరిత్రను, ఇతర నక్షత్రాల జీవులతో మన సంబంధాలను నివెన్ ఆ వరుసలో కథలుగా, నవలలుగా అల్లుకుంటూ వచ్చాడు. 1938లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన ఆయన చదివింది గణితం. అందుకే ఆయన కథల్లో చాలావాటి కింద ఒక భౌతికశాస్త్ర సమస్య దాగి ఉంటుంది. 1964 చివర్లో అచ్చయిన ‘ది కోల్డెస్ట్ ప్లేస్’ బుధగ్రహం మీది శాశ్వత చీకటి ముఖంలో జరుగుతుంది. బుధుడు సూర్యుడికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడని అప్పటి నమ్మకం. కొద్ది నెలలకే, 1965లో, ఆరెసిబో రాడార్‌తో బుధుడి ఆత్మభ్రమణాన్ని కొలిస్తే 59 రోజులని తేలింది. శాశ్వత చీకటి ముఖం అనేదే లేదు! అదే రచయిత 1966లో ‘న్యూట్రాన్ స్టార్’ రాశాడు. అప్పటికి న్యూట్రాన్ నక్షత్రాలు సిద్ధాంతకర్తల కాగితాల మీదే ఉన్నాయి. మరుసటి ఏడు జోసెలిన్ బెల్ పల్సార్‌ను, అంటే గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రాన్ని, కనిపెట్టాకే అవి నిజంగా ఆకాశంలో ఉన్నాయని లోకం నమ్మింది. ఆ కథకూ హ్యూగో వచ్చింది. ఒకసారి సైన్సు ఆయన కథను దాటి వెళ్ళింది, ఒకసారి కథే ముందు నడిచింది.

ఇక ఉంగరం దగ్గరికి వద్దాం. ఈ ఆలోచనకు బీజం 1960లో భౌతికశాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ ‘సైన్స్’ పత్రికలో రాసిన చిన్న వ్యాసం. శక్తి అవసరాలు పెరిగే కొద్దీ ఒక నాగరికత తన నక్షత్రం వెదజల్లే వెలుగును వృథాగా పోనివ్వదనీ, దాని చుట్టూ కట్టడాలతో కమ్మేస్తుందనీ డైసన్ వాదించాడు. చాలామంది దాన్ని నక్షత్రం చుట్టూ ఒక గట్టి గోళంగా ఊహించుకున్నారు. కానీ ఆ గోళం లోపలి వైపు నిలబడడం కుదరదు. బోలు గోళం లోపల ఎక్కడున్నా ఆ గోళపు ఆకర్షణ సున్నా అని న్యూటన్ ఎప్పుడో నిరూపించాడు. కాబట్టి నేల మీద పట్టి ఉంచేది ఏదీ ఉండదు, ఉన్న ఆకర్షణంతా సూర్యుడి వైపే. గోళాన్ని తిప్పితే భూమధ్యరేఖ దగ్గర మాత్రమే కాళ్ళ కింద బరువు పుడుతుంది. ధ్రువాల దగ్గర ఏమీ ఉండదు. అలాంటప్పుడు పనికివచ్చే ఆ నడుము భాగాన్ని ఉంచుకుని తక్కినదంతా వదిలేస్తే సరి. అదే ఉంగరం.

నీళ్ళున్న బకెట్టును చేత్తో గిర్రున తిప్పితే, అది తలకిందులైనా నీళ్ళు ఒలకవు. ఉంగరం లోపలి వైపు మనుషులు, సముద్రాలు నిలవడానికీ అదే కారణం. భూమి మీదున్నంత బరువు అనిపించాలంటే ఇంత పెద్ద ఉంగరం సెకనుకు దాదాపు 1,240 కిలోమీటర్ల వేగంతో తిరగాలి. నివెన్ ఇచ్చిన అంకె ఇదే, లెక్క సరిపోతుంది. తొమ్మిది రోజులకొక చుట్టు. భూమి తన కక్ష్యలో సెకనుకు 30 కిలోమీటర్లు కదులుతుంది, ఉంగరానిది అంతకు 40 రెట్లు పైన. ఇంత బరువైన వస్తువుకు ఆ వేగం ఇవ్వాలంటే ఎంత శక్తి కావాలో నేను లెక్క వేసి చూశాను. సూర్యుడు వెలువరించే శక్తిలో ఒక్క రేణువు పోకుండా కూడబెట్టినా సుమారు 1,25,000 సంవత్సరాలు పడుతుంది. నవలలో ఉంగరాన్ని కట్టినవాళ్ళు ఎవరో మొదట తెలియదు. ఎవరైనా వాళ్ళకు ఓపిక ఎక్కువే.

అక్కడ నిలబడితే ఎలా ఉంటుందన్నది నవలలో నాకు చాలా ఇష్టమైన భాగం. దిగంతం అనేదే ఉండదు. నేల వంగి కిందికి జారదు, దూరం పోయే కొద్దీ పైకి లేస్తుంది. ఆ లేవడం మరీ నెమ్మది గనక చుట్టుపక్కలంతా చదునుగానే కనిపించి, ఎక్కడో నీలి మసకలో కలిసిపోతుంది. ఆపైన ఆకాశంలో ఒక సన్నని తోరణం మొలుస్తుంది. అది ఉంగరంలో అవతలి భాగం. అక్కడి ప్రజలు తమ లోకం చదునైన నేల అనీ, దాని మీద ఎవరో ఒక తోరణం కట్టారనీ నమ్ముతారు. సూర్యుడు ఎప్పుడూ నడినెత్తినే ఉంటాడు, కాబట్టి ఉదయం, సాయంత్రం ఉండవు. రాత్రి కోసం సూర్యుడికి దగ్గరగా 20 పెద్ద నల్లని పలకలు ఒక వరుసలో తిరుగుతూ నీడ వేస్తుంటాయి. రాత్రీపగలూ కలిపితే 30 గంటలు.

ఈ ఉంగరాన్ని ఏ పదార్థంతో చేస్తారు? తిరిగే ఉంగరంలో పుట్టే లాగుడు ఒత్తిడికి సూత్రం చాలా చిన్నది: పదార్థపు సాంద్రతను వేగపు వర్గంతో గుణిస్తే చాలు. ఉంగరం ఎంత పెద్దదన్న సంగతి ఈ సూత్రంలో నేరుగా లేనే లేదు, వేగం ఒక్కటే తేలుస్తుంది. ప్రిన్‌స్టన్ ఆచార్యుడు జెరార్డ్ ఓనీల్ 1970లలో ప్రతిపాదించిన అంతరిక్ష నివాసాల వ్యాసం ఆరున్నర కిలోమీటర్లకు లోపే. వాటి అంచు వేగం సెకనుకు 180 మీటర్లు మాత్రమే గనక మామూలు ఉక్కు తట్టుకుంటుంది. నివెన్ ఉంగరాన్ని ఉక్కుతో చేస్తే, ఉక్కు భరించగలిగే దానికి దాదాపు కోటి రెట్ల ఒత్తిడి పడుతుంది. కార్బన్ నానోట్యూబులు పుస్తకాల్లోని ఆదర్శ బలంతో దొరికినా సెకనుకు పది కిలోమీటర్లు దాటకముందే తెగిపోతాయి. పరమాణువులను ఒకదానికొకటి కలిపే రసాయన బంధాలకు ఉన్న సత్తా అంతే. మనకు కావలసింది 1,240! ఈ సంగతి నివెన్‌కు తెలుసు. అందుకే ‘స్క్రిత్’ అనే పదార్థాన్ని కల్పించి, దాని బలం పరమాణు కేంద్రకాన్ని పట్టి ఉంచే బలానికి సాటి అన్నాడు. న్యూట్రినోలు భూమినే గాలిలా దాటిపోతాయి కదా, వాటిలో కూడా నూటికి 40 దీని దగ్గర ఆగిపోతాయట. ఇది అభూత కల్పనే. కానీ ఎక్కడ కల్పించాలో తెలిసి చేసిన కల్పన. రసాయన బంధం చాలదు గనక కేంద్రక బలం దాకా వెళ్ళాడు, లెక్క అడిగినంతే అడిగాడు.

తప్పింది ఇంకోచోట. చిన్న తప్పొకటి మొదటి అధ్యాయంలోనే దొర్లింది. కథానాయకుడు లూయీ వూ తన 200వ పుట్టినరోజును పొడిగించుకోవడానికి, క్షణంలో ఊరు మార్చే బూత్‌ల సాయంతో భూమి చుట్టూ అర్ధరాత్రికి ముందు ముందు పరుగెడతాడు. అందుకు పడమటికి వెళ్ళాలి. తొలి ముద్రణలో తూర్పుకు వెళ్తాడు! తర్వాతి ముద్రణల్లో సరిదిద్దారు. పెద్ద తప్పు అలా అచ్చు మార్చితే పోయేది కాదు.

1971 సెప్టెంబరులో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం బోస్టన్‌లో జరిగింది. ‘రింగ్‌వరల్డ్’కు హ్యూగో ఇచ్చింది అక్కడే. చార్లెస్ నదికి అవతలి ఒడ్డునే ఎం.ఐ.టి. ఉంది. అక్కడి విద్యార్థులు హోటల్ వరండాల్లో తిరుగుతూ రింగ్‌వరల్డ్ అస్థిరం, రింగ్‌వరల్డ్ అస్థిరం అని నినదించారు. ఆ సంగతిని తర్వాత లోకానికి చెప్పినవాడు నివెనే.

వాళ్ళన్నది నిజం. ఎందుకో చూద్దాం. సూర్యుడు సరిగ్గా ఉంగరం కేంద్రంలో ఉన్నంతసేపు అన్ని వైపుల లాగుడూ సమానం. ఉంగరం తన తలంలోనే కొంచెం పక్కకు జరిగిందనుకోండి. ఒక వైపు సూర్యుడికి దగ్గరైంది, ఎదుటి వైపు దూరమైంది. ఇప్పుడు సూర్యుడి దగ్గర నుంచి ఒక చిన్న కోణంలో రెండు వైపులకూ చూడండి. దూరమైన వైపు ఆ కోణంలో ఉంగరం ఎక్కువ పొడవున పడుతుంది. దూరం రెట్టింపైతే పొడవు రెట్టింపు. కానీ ఆకర్షణ దూరపు వర్గం చొప్పున తగ్గిపోతుంది, నాలుగో వంతు అవుతుంది. రెండూ కలిపితే దూరపు వైపు ఓడిపోయి దగ్గరి వైపు గెలుస్తుంది. దగ్గరైన భాగం ఇంకా దగ్గరవుతుంది. గోళమైతే కోణంలో పడే భాగం కూడా దూరపు వర్గం చొప్పునే పెరుగుతుంది గనక రెండు వైపులా సరిగ్గా సమానమయ్యేవి, గోళం ఎటూ లాగబడకుండా ఊరికే తేలుతూ ఉండేది. ఉంగరానికి ఆ అదృష్టం లేదు.

మరి తిరుగుతోంది కదా, పడిపోకుండా భూమి ఉన్నట్టే ఇదీ ఉండదా అని ఎవరికైనా అనిపిస్తుంది. భూమి పడిపోనిది దాని కేంద్రం సూర్యుడి చుట్టూ తిరుగుతున్నందువల్ల. ఉంగరం కేంద్రం ఎక్కడికీ తిరగడం లేదు, సూర్యుడున్న చోటే ఉంది. గిరగిరా తిరగడం అంచులోని నేలకు బరువునిస్తుందే గాని కేంద్రాన్ని ఉన్నచోట ఉంచడానికి ఏమీ సాయపడదు.

ఎంత త్వరగా కొంప మునుగుతుందన్నది కూడా లెక్క వేయవచ్చు. మన సూర్యుడి బరువు, నివెన్ ఇచ్చిన వ్యాసార్ధం తీసుకుంటే, పక్కకు జరిగిన దూరం సుమారు రెండు నెలలకొకసారి రెట్టింపవుతుంది. ఏ ఉల్కో తాకి ఒక్క కిలోమీటరు జరిగిందనుకోండి. రెండు, నాలుగు, ఎనిమిది... నాలుగైదేళ్ళలో ఉంగరం అంచు సూర్యుణ్ణి ఒరుసుకుంటుంది. 30 లక్షల భూముల లోకానికి ఉన్న గడువు అది.

ఈ ప్రశ్న ఎం.ఐ.టి. కుర్రవాళ్ళకంటే చాలా పాతది. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయం గట్టి రేకులాంటిదే అయితే నిలవదని లాప్లాస్ 18వ శతాబ్దంలోనే గుర్తించాడు. 1855లో కేంబ్రిడ్జి వారు ఆడమ్స్ బహుమతి పోటీకి శని వలయాలనే విషయంగా ఇచ్చారు. పాతికేళ్ళ జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ దానికి వ్యాసం పంపి గెలిచాడు. గట్టి ఉంగరం నిలవాలంటే దాని ద్రవ్యరాశిలో ఐదింట నాలుగు వంతుల పైచిలుకు ఒకేచోట ముద్దగా ఉండాలని ఆయన గణితం తేల్చింది. అలాంటిది శని దగ్గర కనబడలేదు. ద్రవమైనా ముక్కలైపోతుంది. మిగిలింది ఒకటే దారి: అవి విడివిడిగా తిరిగే లెక్కలేనన్ని చిన్న తునకలు అయివుండాలి. 1895లో జేమ్స్ కీలర్ ఆ వలయాల వర్ణపటం తీసి, లోపలి భాగం వేగంగా, బయటి భాగం నెమ్మదిగా తిరుగుతున్నాయని చూపాడు. గట్టి రేకైతే బయటి అంచే వేగంగా తిరగాలి. శని వలయాన్ని తునకలు చేసిన తర్కమే బోస్టన్ వరండాల్లో నివెన్ ఉంగరాన్ని కదిలించింది.

నివెన్‌కు ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఫ్లోరిడాలో ఒక హైస్కూలు తరగతి మరో లోపం పట్టింది: ఉంగరం అడుగున భూమిలాగా వేడి శిలాగర్భం లేదు. కొత్త కొండలు లేవవు. వానలు మట్టిని కడుగుతూ పోతే కొన్ని వేల ఏళ్ళలో సారమంతా సముద్రాల అడుగుకు చేరి, పైన వట్టి స్క్రిత్ మిగులుతుంది. భూమి మీద కొండలు అరుగుతూనే ఉన్నా ఇంకా కొండలున్నాయంటే, కింద పలకలు కదిలి వాటిని లేపుతూ ఉండబట్టే. ఆ మాట ఎంతో అందంగా తట్టింది ఆ పిల్లలకు.

దాదాపు పదేళ్ళ తర్వాత వచ్చిన ‘ది రింగ్‌వరల్డ్ ఇంజనీర్స్’ ఈ రెండిటికీ సమాధానం. సముద్రాల అడుగు నుంచి గొట్టాలు ఒండును తోడి, అంచు గోడల మీద నుంచి తిరిగి లోపలికి కుమ్మరిస్తాయి. అలా గోడలను ఆనుకుని కొండలు పేరుకుంటాయి. అస్థిరత్వానికి మందుగా గోడల మీద వరుసగా రాకెట్ ఇంజన్లు. అయస్కాంత క్షేత్రంతో అంతరిక్షంలోని హైడ్రోజన్‌ను పోగేసి దాన్నే ఇంధనంగా వాడుకునే ఇంజన్‌ను రాబర్ట్ బస్సార్డ్ 1960లో ప్రతిపాదించాడు. నివెన్ దాన్నే గోడలెక్కించాడు. కాని కథ నడవాలి కదా: ఉంగరం మీద పుట్టిన ఒక జాతి, వాటి అసలు పని తెలియక, ఓడలు కట్టుకోవడానికి ఆ ఇంజన్లను చాలావరకు ఊడబీకేసింది. ఉంగరం జరగడం మొదలైంది. లూయీ వూ తిరిగి వచ్చేసరికి ఎక్కువ కాలం మిగల్లేదు. దాన్ని ఆపడానికి అతను చెల్లించవలసి వచ్చే మూల్యం భయంకరమైనది, చదివి తెలుసుకోవలసిందే. మొదటి నవలకు ఆయుధంలా తగిలిన విమర్శే రెండోదానికి వెన్నెముక అయింది. నవలగా మొదటిదే మెరుగని నా అభిప్రాయం. కాని ఆలోచనగా చూస్తే ఈ రెండు పుస్తకాలను కలిపే చదవాలి.

అస్థిరమైన చోట ఇంజన్లతో నిలబడడం కల్పన కాదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1 నౌక ఇప్పుడు చేస్తున్న పని అదే. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడి వైపు ఉండి భూమితో పాటే తిరిగే ఎల్1 బిందువు చుట్టూ అది 178 రోజులకొకసారి తిరుగుతుంది. నివెన్ ఉంగరం అడ్డంగా ఉన్న వెడల్పు కూడా ఇంచుమించు అంత దూరమే. ఎల్1 కూడా అస్థిర బిందువే. అక్కడ ఏర్పడిన చిన్న తేడా పక్షం రోజులు తిరిగేసరికి దాదాపు రెట్టింపవుతుంది. ఉంగరం కంటే నాలుగు రెట్లు తొందర. అయినా ఇస్రో ఇంజనీర్లు కక్ష్యను కొలుస్తూ, అవసరమైనప్పుడు చిన్న థ్రస్టర్లను కొద్దిగా మండించి దారిలో పెడుతున్నారు. 2024 జులై 2న మొదటి చుట్టు పూర్తయినప్పుడు అలాంటి సవరణ ఒకటి చేశారు. తేడా చిన్నగా ఉన్నప్పుడే సరిదిద్దితే ఖర్చయ్యే ఇంధనం కొంచెమే. ఆలస్యమైతే అంతకంతకూ పెరుగుతుంది. ఉంగరం మీది ఇంజన్లు ఊడబీకినవాళ్ళకు తెలియంది ఇదే.

ఇంజన్లు లేకుండా ఉంగరం నిలిచే చోటు అసలు ఉండదా? గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పనిచేసే కోలిన్ మెకిన్నిస్ 2025లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ మాసపత్రికలో దీనికి ఒక జవాబు ప్రచురించాడు. ఒంటరి నక్షత్రం చుట్టూ ఉండదు. కానీ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు నక్షత్రాల లాంటి జంట ఉంటే, తగిన పరిస్థితుల్లో గట్టి ఉంగరం దానంతటది స్థిరంగా నిలిచే చోట్లు ఉన్నాయి. నవల వచ్చిన 55 ఏళ్ళకు ఉంగరానికి గణితంలో చోటు దొరికింది. స్క్రిత్ మాత్రం ఇంకా దొరకలేదు.

ఒకవేళ ఎవరైనా ఎక్కడో అలాంటిది కట్టి ఉంటే మనకు ఎలా కనిపిస్తుంది? ఉంగరం వెడల్పు 16 లక్షల కిలోమీటర్లు, సూర్యుడి వ్యాసం 14 లక్షలు. కాబట్టి సరిగ్గా ఉంగరపు తలంలోనే మనం ఉంటే నక్షత్రం పూర్తిగా దాని వెనక దాక్కుంటుంది. కొంచెం పక్కన ఉన్నా కొంత కప్పేస్తుంది. అలాంటి కోణంలో మనం ఉండే అవకాశం నూటికి ఒకటి. మిగతా 99 సందర్భాల్లో మామూలు నక్షత్రమే కనిపిస్తుంది. అయితే దాని వెలుగులో సుమారు అర శాతం ఉంగరం పీల్చుకుని, మన భూమి ఉష్ణోగ్రతలోని వేడిగా తిరిగి వదులుతుంది. ఆ వేడి పది మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, పరారుణ కాంతిలో, ఆ నక్షత్రం సొంత వెలుగుకంటే కూడా ఎక్కువగా ఉంటుంది. డైసన్ 1960లో వెతకమన్నది సరిగ్గా అక్కడే. నక్షత్రాల చుట్టూ పేరుకున్న వెచ్చని ధూళి కూడా అదే తరంగదైర్ఘ్యంలో మెరుస్తుంది గనక, అలా వెలిగే ప్రతి నక్షత్రం దగ్గరా పరిశోధకులు ముందుగా ధూళినే అనుమానిస్తారు.